జీవపుత్త

మాచర్ల నుంచి విజయపురి సౌత్‌కి వెళ్లే బస్సులో నిద్రపోయిన మా పాప లాంచీ ఎక్కగానే లేచింది. ఏడో నెల. నా సంచీలో పైన పాప గుడ్డలు, వేడినీళ్ల ఫ్లాస్కు, ఉగ్గు గిన్నె. అడుగున ఎప్పటివో శాసనాల జిరాక్స్ కాగితాలు. పీహెచ్.డి. రోజుల్లో నాగార్జునకొండకి మూడుసార్లు వచ్చాను. అప్పుడు కాగితాలే పైన ఉండేవి.

పక్కన కూర్చున్న పెద్దావిడ అడిగింది: "మగబిడ్డేనామ్మా?"

"ఆడపిల్ల, పెద్దమ్మా."

"పోన్లే తల్లా, ఈసారి మగపిల్లోడు పుడతాడులే" అంటూ చేతులు చాపి పాపను ఒళ్లోకి తీసుకుంది. దీవి వచ్చేదాకా మళ్లీ నాకివ్వలేదు. ఆ మాటకి కోపం తెచ్చుకోవాలో, ఆ ఒడికి దణ్ణం పెట్టాలో తెలియలేదు.

ఇప్పుడు దీవిగా కనిపిస్తున్నది ఒకప్పటి కొండ శిఖరం. దాని చుట్టూ ఉన్న లోయలోనే మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1926లో ఈ శిథిలాలు పురావస్తు శాఖ దృష్టికి వచ్చాయి. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. సాగర్ డ్యాము నిర్ణయమయ్యాక, లోయ మునిగిపోతుందని 1954లో మళ్లీ తవ్వకాలు మొదలుపెట్టి 1960 దాకా సాగించారు. ముఖ్యమైన కట్టడాలను కొన్నిటిని విప్పి కొండ మీదా, అనుపు దగ్గరా తిరిగి కట్టారు. మిగిలినదంతా నీళ్లకింద ఉంది.

ఈ రాజ్యంలో మగవాళ్లు యజ్ఞాలు చేశారు, ఆడవాళ్లు స్తూపాలు కట్టించారు. తొలిరాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన తోబుట్టువు శాంతిసిరి, మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యాన్ని పూర్తి చేయించింది. ఆ మేనల్లుడే ఆమెకు అల్లుడు కూడా. మన మేనరికాలకు రాతిమీద ఇంత పాత సాక్ష్యం ఉంది. రాజకుటుంబం కాని బోధిసిరి అనే ఉపాసిక, సింహళం నుంచి వచ్చే థేరవాద ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి, తన బంధువుల పేర్లన్నీ వరసగా చెక్కించింది. రాజులేమో వాసిఠీపుత, మాఢరీపుత అని తల్లి వైపు నుంచి పిలిపించుకున్నారు. అయితే అది తల్లి పేరు కాదు, తల్లి పుట్టింటి గోత్రం.

ఇదంతా నా థీసిస్‌లో ఉంది. దాతలుగా స్త్రీల స్వతంత్రత గురించి ఒక అధ్యాయమే రాశాను. శాంతిసిరి తనను తాను ఫలానావారి సోదరినని, ఫలానావారి భార్యనని, ఖందసాగరన్న తల్లినని చెప్పుకోవడాన్ని మాత్రం "సంప్రదాయ పదజాలం" అని పక్కన పెట్టాను.

మ్యూజియంలో బుద్ధుడి జననఘట్టం దగ్గర ఆగాను. ఈ శిల్పుల పద్ధతిలో పుట్టిన బిడ్డ కనిపించడు. దేవతలు పట్టుకున్న పొడవాటి గుడ్డ మీద చిన్న చిన్న పాదముద్రలుంటాయి, అంతే. శిల్పకళా చరిత్రలో దీన్ని "ప్రతీకాత్మక చిత్రణ" అంటారు. నా చేతిలో పాప గుడ్డ ఉంది కాబట్టేమో, ఆ రోజు నాకది పొత్తిగుడ్డలా కనిపించింది. బిడ్డ పుట్టిన ఏడో రోజుకే మాయాదేవి చనిపోయిందని బౌద్ధ గాథలు చెబుతాయి. పెంచింది చెల్లెలు మహాప్రజాపతి గౌతమి. ఈ సంగతి నాకు కొత్త కాదు. కానీ కాన్పయి ఏడు నెలలే అయిన మనిషిగా దాన్ని తలచుకోవడం అదే మొదలు.

ఇంతలో పాప ఏడుపు అందుకుంది. బయటికొచ్చి చెట్టుకింద కూర్చుని పాలిస్తుంటే, సంచీ అడుగున ఉన్న ఒక శాసనం గుర్తొచ్చింది.

ఇక్ష్వాకు రాజు ఎహువల శాంతమూలుడి భార్య, మహాదేవి ఖందువుల చేయించిన మాతృదేవత విగ్రహం మీది చిన్న శాసనమది. ఆ నగ్నదేవత నడుము పైభాగం ఇప్పుడు లేదు. రాణి తన గురించి రెండే విశేషణాలు చెప్పుకుంది. ఒకటి "అవిధవ", రెండోది "జీవపుత్త". అంటే విధవ కానిది, బతికున్న కొడుకు గలది. థీసిస్‌లో ఆ మాటలకి నేను కేటాయించింది రెండు వాక్యాలు. పితృస్వామ్యం స్త్రీని భర్తతో, కొడుకుతో కొలిచిందని రాశాను. అందులో తప్పు లేదు. లాంచీలో పెద్దావిడ మాట ఆ కొలమానం ఇంకా చెల్లుతోందనే చెప్పింది. ఆ లెక్కలో నేను జీవపుత్తను కాను.

కానీ "పుత్త" దగ్గరే ఆగిపోయి, "జీవ" అన్నదాన్ని నేను చదవలేదు. బతికున్న కొడుకు అని ప్రత్యేకంగా చెప్పుకోవలసి వచ్చిందంటే, బిడ్డ బతకడం మామూలు సంగతి కాదన్నమాట. రాణికే అది చెప్పుకోదగ్గ విషయమైతే మిగతావాళ్ల సంగతేమిటి? ఈ లోయలోనే హారీతికి గుడి ఉండేది. హారీతి ఐదువందలమంది పిల్లల తల్లి, ఊళ్లో పిల్లల్ని తినే యక్షిణి. బుద్ధుడు ఆమె చిన్నకొడుకును దాచేస్తే, వెతికి వెతికి ఏడ్చి, మిగతా తల్లుల దుఃఖం తెలుసుకుని, పిల్లల్ని కాపాడే దేవతయిందని కథ. ఆ కథ కావలసినవాళ్లు ఎవరో ఊహించగలం. శాసనం వేయించే స్తోమతు లేని తల్లులు, చెప్పుకోవడానికి బతికున్న బిడ్డ లేని తల్లులు. వాళ్లను ఏ విశేషణంతో పిలిచారో ఏ రాతిమీదా లేదు.

ఆ మాటలో కొలమానమూ ఉంది, భయమూ ఉంది. మొదటిదాన్ని చదవడం మనకు బాగా అలవాటైంది. రెండోదాన్ని చదివితే మాతృత్వాన్ని కీర్తించినట్టవుతుందేమోనని జంకాం. ఆ జంకులో, ఖందువుల మనకు పితృస్వామ్యానికి ఉదాహరణగా మిగిలిందే తప్ప, కడుపు పట్టుకుని భయపడ్డ మనిషిగా కనిపించలేదు. థీసిస్‌ను పుస్తకంగా వేసేటప్పుడు ఆ రెండు వాక్యాలు తిరగరాయాలి.

తిరుగు లాంచీలో పెద్దావిడ నాకోసం చోటు ఆపి ఉంచింది. "ఇటియ్యి, నువ్వు కాస్త మెతుకు తిను" అంది. పాపను ఇచ్చాను.