తుపాకీ పేలకుండానే పుట్టిన సికింద్రాబాద్
సికింద్రాబాద్ నుంచి అబిడ్స్ వెళ్ళే దారిలో గన్‌ఫౌండ్రీ పేరు వినే ఉంటారు. ఫ్రెంచివాడు రేమండ్ నిజాం సైన్యానికి ఫిరంగులు, తుపాకులు చేయించింది అక్కడే.

అప్పటి తుపాకీలో ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి ఉక్కురేకుకు తగులుతుంది. రవ్వలు పడి పళ్ళెంలో మందు అంటుకుంటుంది. ఆ మంట చిన్న బెజ్జంలోంచి గొట్టంలోకి దూరితే, గుండు దూసుకెళ్తుంది.

మరి ఆ సైన్యం ఏమైంది? 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో, జీతాల బకాయిల మీద మండిపడుతున్న సిపాయిలను ఇంగ్లీషు దళాలు చుట్టుముట్టాయి. వాళ్ళు ఆయుధాలు కింద పెట్టేశారు. యుద్ధమే జరగలేదు!

ఆ ఇంగ్లీషు దళాలు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన వేసుకున్న మకామే మన సికింద్రాబాద్. 1806లో సికిందర్ జా పేరు పెట్టారు.

తుపాకీ ఉంది, మందు ఉంది, రాయి ఉంది. సిపాయికి జీతమే అందలేదు.