రీకనెక్షన్ వేడిలో అయాన్లదే పెద్ద వాటా

ప్లాస్మాలో ఎదురెదురు దిశల్లో ఉన్న అయస్కాంత బలరేఖలు దగ్గరకొచ్చి, తెగి, వేరే జతగా కలవడాన్ని మ్యాగ్నెటిక్ రీకనెక్షన్ అంటారు. క్షేత్రంలో దాగిన శక్తి అప్పుడు కణాల వేగంగా, వేడిగా మారుతుంది. సౌరజ్వాలలకు మూలం ఇదే. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1 ఆ జ్వాలలను గమనిస్తోంది. అయితే ఆ వేడిలో అయాన్లకెంత, ఎలక్ట్రాన్లకెంత అన్న లెక్క దగ్గరి నుంచి కొలిస్తేనే తేలుతుంది. అందుకే ప్రయోగశాలలు.

జంషెడ్‌పూర్ పక్కన గోవింద్‌పూర్ లాంటి పారిశ్రామిక శివార్లలో రోజూ కనిపించే వెల్డింగ్ ఆర్క్ కూడా ప్లాస్మానే. కానీ అక్కడ కణాలు ఎడతెరిపి లేకుండా ఢీకొంటాయి కాబట్టి అన్నిటి ఉష్ణోగ్రతా దాదాపు ఒకటే. పలచటి ప్లాస్మాలో అలా కాదు. అయాన్లు ఒక వేడిలో, ఎలక్ట్రాన్లు మరో వేడిలో ఉండగలవు.

అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మసాకి యమదా బృందం 1995 నుంచి ఎంఆర్ఎక్స్ అనే పరికరంపై పనిచేసింది. 2014లో ప్రచురించిన ఫలితం ప్రకారం, లోపలికొచ్చిన అయస్కాంత శక్తిలో సుమారు సగం కణాలకు చేరింది. అందులో మూడింట రెండు వంతులు అయాన్లవి.

కారణం బరువులో ఉంది. తేలికైన ఎలక్ట్రాన్లు బలరేఖలను చివరిదాకా అంటిపెట్టుకుంటాయి. బరువైన అయాన్లు పెద్ద చుట్లు తిరుగుతూ ముందే పట్టు వదులుతాయి. ఈ ఎడం వల్ల విద్యుత్ క్షేత్రం పుడుతుంది, అయాన్లు దాని గుండా జారి వేగం పుంజుకుంటాయి. ఇది ఇంకా వేడి కాదు, ఒక దిశలో పరుగు మాత్రమే. బయటి బలమైన క్షేత్రంలో మళ్లీ చిక్కుకుని, చుట్లు తిరిగి, ఢీకొని చెల్లాచెదురైనప్పుడే అది వేడవుతుంది. అందుకే ఎలక్ట్రాన్లు కలయిక బిందువు దగ్గర, అయాన్లు దానికి దూరంగా ప్రవాహం బయటికొచ్చే చోట ఎక్కువగా వేడెక్కుతాయి. అయాన్లు వెదజల్లే కాంతిరేఖ ఎంత వెడల్పైందో చూసి ఉష్ణోగ్రత కొలుస్తారు.

టోక్యోలో యసుషి ఓనో బృందం ఇంకో నియమం చూపింది: తెగి కలిసే క్షేత్రం రెట్టింపైతే అయాన్ల వేడి నాలుగింతలు. బ్రిటన్‌లోని మాస్ట్ పరికరంలో రెండు ప్లాస్మా వలయాలను ఇలాగే కలిపితే అయాన్లు సుమారు కోటి డిగ్రీలకు చేరాయి. ఫ్యూజన్‌లో కలవాల్సింది కేంద్రకాలు, అంటే అయాన్లే కాబట్టి ఇది పెద్ద వార్తే.

అదే రీకనెక్షన్ నడుస్తున్న టోకమాక్‌లో జరిగితే మాత్రం తలనొప్పి: మధ్యలోని వేడి అంచులకు చెదిరిపోతుంది. గాంధీనగర్ దగ్గర 1989లో మొదలైన మన టోకమాక్ పేరు కూడా ఆదిత్యే. ఇలాంటి యంత్రాల్లో బలరేఖలకు అడ్డంగా మరో గట్టి క్షేత్రం ఉంటుంది, కాబట్టి ప్రిన్స్‌టన్ వాటాలను అక్కడికి నేరుగా వర్తింపజేయలేం.