ఆ మీటింగ్‌లో రోగికి కుర్చీ ఎలా వచ్చింది?

ఈరోజు ఎపిసోడ్ ఒక సంతకంతో మొదలుపెడతాను. మా అమ్మ ఆపరేషన్‌కి ముందు నర్సు ఒక ఫారం తెచ్చి, "ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ పెట్టండి" అంది. పెట్టేశాను. చదివానా? లేదు. మీలో కూడా చాలామంది ఇదే చేసి ఉంటారు. డాక్టర్లకు తెలుసు కదా, మనకేం తెలుసు అనుకుంటాం.

వైద్యంలోనే ఇలా ఉంటే, వైద్య పరిశోధన సంగతేంటి? ఏ మందును పరీక్షించాలి, ఎవరి మీద పరీక్షించాలి, ఎన్నాళ్లు చూడాలి? ఈ నిర్ణయాల్లో జబ్బుపడ్డ మనిషికి, పక్కనే ఉండి రాత్రంతా చూసుకునే మనిషికి మాట ఉండాలా? 40 ఏళ్ల కిందట ఈ ప్రశ్నకు సైంటిస్టుల దగ్గర జవాబు దాదాపు ఒకటే: అది మీ పని కాదు. ఆ జవాబు ఎలా మారిందో తెలియాలంటే అమెరికా వెళ్లాలి, ఎయిడ్స్ మొదలైన రోజుల్లోకి.

1981లో అక్కడ మొదటి కేసులు బయటపడ్డాయి. జబ్బుపడినవాళ్లలో ఎక్కువమంది స్వలింగ సంపర్కులైన కుర్రాళ్లు. చాలామందిని ఇంట్లోవాళ్లు రానివ్వలేదు. స్నేహితులే అన్నం తినిపించారు, ఒళ్లు తుడిచారు, చివరికి అంత్యక్రియలు కూడా చేశారు. ఆ స్నేహితుల్లో కొందరు మరుసటి ఏడాదికి తామే మంచాన పడ్డారు. అంటే రోగి, సంరక్షకుడు అనే గీత అక్కడ చెరిగిపోయింది.

1983లో డెన్వర్ నగరంలో ఒక ఆరోగ్య సదస్సు జరిగింది. ఎయిడ్స్ ఉన్న కొద్దిమంది నేరుగా స్టేజీ ఎక్కి ఒక ప్రకటన చదివారు. మమ్మల్ని బాధితులు అనకండి, మేం ఎయిడ్స్ ఉన్న మనుషులం, మా గురించి జరిగే ప్రతి చర్చలో మిగతావాళ్లతో సమానంగా మాకూ చోటు కావాలి అన్నది దాని సారాంశం. దీన్ని డెన్వర్ సూత్రాలు అంటారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1986లో ఏజెడ్‌టీ అనే మందు ట్రయల్ మొదలైంది. 282 మందిని తీసుకున్నారు. దాదాపు సగం మందికి అసలు మందు, మిగతా సగానికి ప్లాసిబో, అంటే చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వచ్చిందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. మందు నిజంగా పనిచేస్తోందా లేదా తేల్చడానికి ఇది మంచి పద్ధతే. కాదనను.

కానీ మంచం మీద ఉన్న మనిషి వైపు నుంచి చూడండి. నీ దగ్గర నెలలే ఉన్నాయి. నీ చేతిలో ఉన్నది మందో కాదో తెలియదు. ఏం చేస్తావు? వాళ్లూ అదే చేశారు. కొందరు క్యాప్సూల్ విప్పి నాలుక మీద వేసుకుని రుచి చూశారు. కొందరు తమ మాత్రల్ని మిగతా రోగులతో కలిపి పంచుకున్నారు, సగం మందైనా అందరికీ అందుతుందని. కాగితం మీద చక్కగా ఉన్న ప్రయోగం మనుషుల చేతుల్లో పడేసరికి మరోలా నడిచింది.

సెప్టెంబరులో ఆ ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. అప్పటికి ప్లాసిబో గ్రూపులో 19 మంది చనిపోయారు, మందు గ్రూపులో ఒక్కరు. 1987 మార్చిలో ఏజెడ్‌టీకి అనుమతి వచ్చింది. ఏడాదికి ఖర్చు దాదాపు 10 వేల డాలర్లు. అదే నెలలో న్యూయార్క్‌లో యాక్ట్ అప్ అనే బృందం పుట్టింది.

యాక్ట్ అప్ అనగానే రోడ్డు మీద ధర్నాలు, అరెస్టులు గుర్తొస్తాయి. 1988 అక్టోబరు 11న వెయ్యి మందికి పైగా వెళ్లి, మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఆఫీసును చుట్టుముట్టారు. నిజమే. కానీ నాకు ఇష్టమైన భాగం రోడ్డు మీద జరగలేదు. ఐరిస్ లాంగ్ అని క్వీన్స్‌లో ఉండే ఒక కెమిస్టు ఉండేవారు. ఆమెకు ఎయిడ్స్ లేదు, ఆ జబ్బు ఉన్నవాళ్లతో ముందు పరిచయం కూడా లేదు. ఒకరోజు మీటింగుకు వచ్చి, మీకు సైన్స్ తెలియకపోతే మీ మాట ఎవరూ వినరు, నేను నేర్పిస్తాను అన్నారు. మందు ఒంట్లో ఎలా పనిచేస్తుంది, ట్రయల్ ఎలా కడతారు, ఫైళ్లు ఎక్కడ ఆగుతాయి, అన్నీ పాఠం చెప్పారు. సైన్స్ చదవని మార్క్ హారింగ్టన్ లాంటి కుర్రాళ్లు కష్టమైన పదాలకు సొంతంగా ఒక గ్లాసరీ రాసుకున్నారు. జబ్బుతో ఉండి, పరీక్షకు ప్రిపేర్ అయినట్టు చదివారు.

అలా చదివాక వాళ్లు అడిగిన ప్రశ్నలు మారాయి. ట్రయల్లో చేరితే, న్యుమోనియా రాకుండా వాడుకునే మందులు ఎందుకు మానేయాలి? ట్రయల్లో చోటు దొరకనివాళ్లకు మందును సమాంతరంగా ఎందుకు ఇవ్వకూడదు? ఆడవాళ్లను ఎందుకు తీసుకోవడం లేదు? ఎయిడ్స్ పరిశోధనకు పెద్ద అయిన ఆంథోనీ ఫౌచీని రచయిత లారీ క్రామర్ 1988లో బహిరంగ లేఖలో హంతకుడని తిట్టారు. ఫౌచీ తలుపులు మూయలేదు. కూర్చుని మాట్లాడారు. 1989లో ఆ సమాంతర పద్ధతికి ఒప్పుకున్నారు. 1990 మే 21న ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ముందు మళ్లీ పెద్ద ధర్నా జరిగింది. ఆ తర్వాత ట్రయల్స్ నిర్ణయించే కమిటీల్లో రోగుల సమూహాల ప్రతినిధులకు కుర్చీ వచ్చింది. ఓటు కూడా వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది సినిమా కథ అవుతుంది. అసలు పరీక్ష తర్వాత వచ్చింది. 1993లో కాంకార్డ్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. లక్షణాలు లేనివాళ్లకు ఏజెడ్‌టీ ముందుగా మొదలుపెడితే ఎక్కువ కాలం బతుకుతారన్నది నిలబడలేదు. తొందరగా మందు ఇవ్వండి అని అరిచినవాళ్లకు అది పెద్ద దెబ్బ. 1994లో సాక్వినావిర్ అనే కొత్త మందు వచ్చినప్పుడు, హారింగ్టన్ ఉన్న టాగ్ బృందం ఎఫ్‌డీఏకి లేఖ రాసింది. ఈసారి వాళ్ల మాట: ఆగండి, ముందు పెద్ద ట్రయల్ చేయండి, ఇది నిజంగా ప్రాణం నిలబెడుతుందో లేదో మాకు తెలియాలి. సాటి రోగులే వాళ్లను ద్రోహులన్నట్టు చూశారు. ఎవరిది రైటో ఇప్పటికీ వాదించుకోవచ్చు. నాకు మాత్రం ఒకటి కనిపిస్తుంది. భాగస్వామి అంటే మనకు నచ్చింది అడిగేవాడే కాదు, ఆ అడిగినదాని బరువు కూడా మోసేవాడు.

1996లో మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం వచ్చింది. ఒక్క ఏడాదిలో అమెరికాలో ఎయిడ్స్ మరణాల రేటు దాదాపు సగానికి పడిపోయింది. ఆ మందుల జనరిక్‌లను తర్వాత పేద దేశాలకు పంపినవాటిలో మన హైదరాబాద్ కంపెనీలు హెటెరో, అరబిందో కూడా ఉన్నాయి.

ఆడవాళ్ల సంగతి చెప్పాను కదా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిన హెచ్ఐవీ మహిళలను అమెరికాలో ఎయిడ్స్ లెక్కలో చేర్చుకునేవాళ్లు కాదు. మహిళలు ఏళ్ల తరబడి పోరాడాక, 1993లో ఆ క్యాన్సర్‌ను నిర్వచనంలో చేర్చారు. సరిగ్గా ఈ క్యాన్సర్ పేరుతోనే కథ మన ఊళ్లకు వస్తుంది.

2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, ఆ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ వ్యాక్సిన్ మీద ఒక పరిశోధన ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలు. భద్రాచలం వైపు గిరిజన హాస్టళ్లలో చదువుకునేవాళ్లు చాలామంది. కొందరు అమ్మాయిలు చనిపోయారని గొడవ అయ్యాక, 2010 ఏప్రిల్లో ఆపేశారు. ఆ మరణాలు వ్యాక్సిన్ వల్ల జరిగాయని విచారణలో తేలలేదు. ఆ వ్యాక్సిన్ ప్రపంచమంతా వాడుతున్నారు, మంచి వ్యాక్సిన్. ఈ మాట స్పష్టంగా చెబుతున్నాను, క్లిప్ కట్ చేసి ఫార్వర్డ్ చేయొద్దు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, కాగితాల దగ్గర. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది, హెడ్‌మాస్టర్లది. 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఒక్కసారి ఆలోచించండి. దూరంగా తండాలోనో గూడెంలోనో ఉన్న అమ్మను అడగకుండా, ఆమె బిడ్డ గురించి వార్డెన్ "సరే" అనేశాడు. అడిగి ఉంటే ఆ అమ్మ ఒప్పుకునేదేమో కూడా. అడగకపోవడం వల్ల మంచి వ్యాక్సిన్‌కే చెడ్డపేరు వచ్చింది. నమ్మకం పోయాక, నిజం చెప్పినా వినేవాళ్లు ఉండరు.

డెన్వర్‌లో స్టేజీ ఎక్కినవాళ్లు, ఖమ్మంలో ఎవరూ అడగని ఆ తల్లులు, ఇద్దరి మధ్య తేడా చదువు మాత్రమే కాదు. న్యూయార్క్ కుర్రాళ్లకు ఒక ఐరిస్ లాంగ్ దొరికింది. ఇక్కడ ఆ భాషలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేకపోయారు.

ఇప్పుడు కొంత మారింది. 2019 నిబంధనల ప్రకారం, ట్రయల్స్‌కి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు ఒకరు ఉండాలి. మన దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో ఉంటాయి. మీ ఫోన్‌లో ఉచితంగా వెతకొచ్చు. మీ ఊరి పేరు, జబ్బు పేరు కొట్టి చూడండి.

చివరగా ఒక చిన్న పని. ఈసారి ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రిలో ఫారం ఇస్తే, సంతకానికి ముందు "ఇది దేనికి? నాకు తెలుగులో చెప్తారా?" అని అడగండి. మా అమ్మ విషయంలో నేను అడగలేదు. తర్వాత ఇంటికొచ్చాక అమ్మే అడిగింది, "ఏం రాసుందిరా అందులో?" అని. నా దగ్గర జవాబు లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.