చప్పుడు మింగే గొట్టం

ఎల్.బి. నగర్‌లో మెట్రో రైలెక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ అని ఓ స్టేషను వస్తుంది. 2018 సెప్టెంబరులో ఆ దారిన రైలు నడవడం మొదలైన దగ్గర్నుంచి రోజూ ఎన్ని వేలమంది ఆ పేరు వింటున్నారో! మూసా అనే సాయిబుగారూ, రాం అనే హిందువూ కలిసి వేసిన తోట కాబోలు అనుకునేవాళ్ళు చాలామంది. ఆ ఊహ బాగానే ఉంది గానీ నిజం అంతకన్నా బాగుంటుంది. ఆ మూసా, ఆ రాం ఒక్కరే. ఆయన ముస్లిమూ కాదు, హిందువూ కాదు. ఫ్రెంచి దేశస్థుడు. చేసిన పని ఫిరంగులు పోయించడం!

పేరు మిషెల్ జోకిం మరీ రేమండ్. 1755లో ఫ్రాన్సులో పుట్టి, 20 ఏళ్ళ వయసులో పుదుచ్చేరి చేరాడు. 1786 ప్రాంతంలో రెండో నిజాం నిజాం అలీఖాన్ కొలువులో కుదిరి, చివరికి 14,000 మంది దాకా ఉన్న సైన్యానికి అధిపతి అయ్యాడు. నగరంలో ఇప్పుడు మనం గన్‌ఫౌండ్రీ అని పిలుచుకునే చోటు ఆయన ఫిరంగులు పోయించిన కార్ఖానాయే. పాతవాళ్ళు ‘తోప్ కా సాంచా’ అనేవారు. ఆయన్ని ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. ‘ముస్యూ రేమండ్’ అనడానికి మన నోరు తిరగక పుట్టిన ముద్దుపేర్లవి.

1798 మార్చిలో ఆయన పోయాడు. దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి ఉంది. 23 అడుగుల నల్లరాతి స్తంభం, దాని మీద ఆయన పేరులోని పొడి అక్షరాలు. పక్కనున్న మంటపం 2001లో కూలిపోతే మళ్ళీ కట్టారు. పోయిన మనిషి అయినా ఏటా ఆయన వర్ధంతికి సమాధి దగ్గర అగరొత్తులు వెలిగించి ఉర్సు జరిపేవారట, 1940ల దాకా. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లీషువాళ్ళు ఆయన సైన్యం చేత ఆయుధాలు కింద పెట్టించారు. సైన్యం చెదిరిపోయింది, ఫిరంగులు చేతులు మారాయి. పేరొక్కటీ నిలిచింది.

ఇంతకీ ఫిరంగి దేనితో పోస్తారు? కంచుతో. మన దేవుడి గదిలో గంటా కంచే. అయితే రెండూ ఒకటి కాదు. రాగిలో తగరం 100కి 20 పాళ్ళు దాటితే కంచు ఖంగుమని మోగుతుంది గానీ కిందపడితే పగులుతుంది. 10 పాళ్ళ దగ్గర ఆపితే మోత తగ్గుతుంది, దెబ్బ ఓర్చుకునే శక్తి పెరుగుతుంది. ఒకే రెండు లోహాలు! తగరం కాస్త ఎక్కువైతే గంట, కాస్త తక్కువైతే ఫిరంగి. పోత ఇనుము చవకే గానీ, తట్టుకోలేనప్పుడు చెప్పాపెట్టకుండా ముక్కలై పేల్చేవాడినే చంపేస్తుంది. కంచు ముందు ఉబ్బి హెచ్చరిస్తుంది. అందుకే ఆ రోజుల్లో స్తోమత ఉన్న రాజులు కంచునే కోరుకునేవారు. కంచు ఫిరంగికీ ఓ బలహీనత ఉంది. వత్తి పెట్టే రంధ్రం ముందుగా అరిగి వెడల్పయ్యేది. వేడీ ఒత్తిడీ ఎక్కడ ఎక్కువ తగుల్తాయో లోహం అక్కడే ముందు ఓడిపోతుంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

నూరేళ్ళలో తుపాకులు మారిపోయాయి. 1884లో హైరం స్టీవెన్స్ మాక్సిం అనే ఆయన ఆపకుండా కాల్చే మరతుపాకీ కనిపెట్టాడు. అది ఎన్ని దేశాల్లో ఎన్ని ప్రాణాలు తీసిందో లెక్క లేదు. దాని మోత పక్కనే ఏళ్ళ తరబడి గడిపిన ఆయనకి చెవుడొచ్చింది. ఆయన కొడుకు హైరం పెర్సీ మాక్సిం 1909 మార్చిలో, అమెరికాలో, తుపాకీ చప్పుడు తగ్గించే గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. తండ్రి చప్పుడు పుట్టిస్తే కొడుకు దాన్ని నోరు మూయించడానికి కూర్చున్నాడన్నమాట! స్నానాల తొట్టెలోంచి నీళ్ళు సుడి తిరుగుతూ చప్పుడు లేకుండా దిగిపోవడం చూసి ఆయనకా ఆలోచన వచ్చిందని చెబుతారు. అంతకుముందు ఆయన మోటారు కార్ల పనిలో ఉన్నవాడు. మన స్కూటరుకి ఉండే సైలెన్సరూ, తుపాకీ సైలెన్సరూ దగ్గరి చుట్టాలే.

అది పనిచేసే తీరు మన వంటింటి మనుషులకి ఇట్టే అర్థమవుతుంది. గోలీ సోడా ఒక్క నొక్కుతో కొడితే ‘ఠప్’మంటుంది. అదే మూత తిప్పే సీసా అయితే, మెల్లమెల్లగా తిప్పితే ‘సుయ్’మని ఊరుకుంటుంది. లోపలున్న గాలి అంతే, బయటికొచ్చే తీరులోనే తేడా. తుపాకీలో మందు పేలిన క్షణాన పుట్టే ఒత్తిడి ఎంతనుకున్నారు? మన ప్రెషర్ కుక్కర్‌లో చదరపు అంగుళానికి 15 పౌండ్లు. రైఫిల్ గొట్టంలో 50,000 పౌండ్ల పైమాటే. తూటా వెనకాల ఆ వాయువు ఒక్కసారి బయటపడితే అదే ఆ పేలుడు చప్పుడు. సైలెన్సర్ గొట్టంలో నడుమ రంధ్రాలున్న బిళ్ళలు వరసగా అమర్చి ఉంటాయి. తూటా రంధ్రాల్లోంచి దూసుకుపోతుంది. వాయువు మాత్రం గదిగదికీ ఆగి, విస్తరించి, చల్లబడి, నీరసించి బయటికొస్తుంది.

సినిమాల్లో చూస్తుంటాం, విలన్ పిస్తోలుకి నల్లటి గొట్టం బిగించి ‘ఫిట్’మని కాలుస్తాడు, పక్క గదిలో పడుకున్న మనిషి కదలనైనా కదలడు. అది ఉత్త సినిమా కబురు. మనం మామూలుగా మాట్లాడుకునే గొంతు 60 డెసిబెల్స్. రైఫిల్ పేలితే 160 దాకా. ఎంత మంచి సైలెన్సరైనా అందులో 20 నుంచి 35 దాకా తగ్గించగలదు, అంతే. మిగిలిన 130 కూడా చెవులు గింగురుమనిపించేదే. పైగా తూటా ధ్వని కంటే వేగంగా పోతే, గాలిని చీల్చే ఆ ‘ఫెళ్’ చప్పుడు ఏ గొట్టమూ ఆపలేదు. గాలిలో ధ్వని వేగం సెకనుకి 340 మీటర్లయితే రైఫిల్ తూటా 800 మీటర్లకు పైన పోతుంది.

ఇక్కడే అసలు కథ. ఇంత వేడినీ ఒత్తిడినీ మింగే గొట్టానికి లోహం ఏది? మొదట్లో మామూలు ఉక్కుతో సరిపెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు గూఢచారుల కోసం చేసిన వెల్‌రాడ్ అనే పిస్తోలులో రబ్బరు బిళ్ళలు వాడారు. తూటా వాటిని చీల్చుకుంటూ పోయేది, వెనకాల రబ్బరు మూసుకునేది. చప్పుడు చాలా తగ్గింది గానీ 10, 15 దెబ్బలకే రబ్బరు చిరిగిపోయేది. నిశ్శబ్దం కావాలంటే మన్నిక పోతుంది, మన్నిక కావాలంటే బరువు పెరుగుతుంది. చీర కొనడానికి వెళ్ళి, రంగు నచ్చితే జరీ నచ్చక, రెండూ నచ్చితే ధర నచ్చక మనం పడే అవస్థే ఆ ఇంజనీర్లదీను.

అల్యూమినియం తేలిక. కానీ మన మూకుడు ఖాళీగా పొయ్యి మీద మరిచిపోతే వంకరపోయినట్టు, వేడికి నిలవదు. చిన్న తుపాకులకి మాత్రమే పనికొస్తుంది. టైటానియం బరువు ఉక్కు బరువులో 60 శాతం కూడా ఉండదు, బలం మాత్రం ఉక్కుకి దీటు. కానీ 400 డిగ్రీలు దాటాక బలం తగ్గుతుంది, దానికి తోడు తెల్లటి మెరుపులు కక్కుతుంది. నికెల్, క్రోమియం కలిపి చేసే ఇన్‌కొనెల్ బరువు, ఖరీదు, కోసి మలచడం మహా కష్టం. కానీ ఎర్రగా కాలినా బలం వదలదు. అందుకని కొందరు మొదటి బిళ్ళ ఇన్‌కొనెల్‌తోనో స్టెల్లైట్‌తోనో చేసి, మిగతావి తేలిక లోహంతో చేస్తారు. కాలని మందు రేణువులు ఇసుక కొట్టినట్టు తగిలేది మొదటి బిళ్ళకే కదా! కంచు ఫిరంగి వత్తి రంధ్రం చెప్పిన పాఠమే ఇది.

ఈ స్టెల్లైట్‌లో కోబాల్టు, క్రోమియం ఉంటాయి. కనిపెట్టినవాడు అమెరికాలో మోటారు కార్లు చేసిన తొలితరం వారిలో ఒకడైన ఎల్‌వుడ్ హేన్స్. వెండి చెంచాలు నల్లబడి తోమలేక విసుగెత్తిన భార్య, నల్లబడని చెంచాలు చేసిపెట్టమని అడగ్గా ఆయన ఆ పరిశోధనలో పడ్డాడని కథ చెబుతారు. అంట్లు తోమే ఇల్లాలి విసుగు ఎక్కడిదాకా వెళ్ళిందో చూడండి!

దానికి సరిగ్గా ఎదురు దారిలో నడిచింది మన స్టీలు గిన్నె. 1912లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే లోహ శాస్త్రవేత్తకి అప్పజెప్పిన పని, లోపల అరిగిపోని తుపాకీ గొట్టం తయారుచెయ్యడం. 1913 ఆగస్టులో ఆయన 12.8 శాతం క్రోమియం కలిపి ఒక ఉక్కు పోశాడు. చూస్తే దానికి తుప్పు పట్టడం లేదు! తుపాకీవాళ్ళ కన్నా కత్తులు చేసేవాళ్ళే దాన్ని ముందు అందుకున్నారు. ఆ వంశంలోదే ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ స్టీలు సామాన్ల కొట్టులో మనం తూకం వేయించుకుని, పేరు చెక్కించుకుని తెచ్చుకునే బిందె. తుపాకీ కోసం వెతికితే వంటింటికి స్టీలు దొరికింది. చెంచాల కోసం వెతికితే తుపాకీ దాకా పోయే లోహం దొరికింది. లోహానికి మంచీ చెడూ ఏం తెలుసు? చేతిలోకి తీసుకున్నవాళ్ళదే ఆ బాధ్యత.

ఈ లోహాల కోసం మనం అమెరికా దాకా పోనక్కర్లేదు. ఎల్.బి. నగర్ నుంచి కర్మన్‌ఘాట్, చంపాపేట మీదుగా పడమటికి వెళితే కంచన్‌బాగ్. అక్కడ 1963లో రక్షణ శాఖ వారి లోహ పరిశోధనశాల వెలిసింది. 1973లో మిశ్ర ధాతు నిగం, అదే మనం మిధాని అనేది, ఏర్పడింది. టైటానియం, నికెల్ సూపర్ ఎల్లాయ్‌లు, మారేజింగ్ ఉక్కు, ఇవీ వాళ్ళు చేసేవి. రాకెట్లకీ విమానాల ఇంజన్లకీ వెళ్ళే సరుకది. 1786లో ఫిరంగి కంచు కరిగించిన ఊరు, 200 ఏళ్ళు తిరక్కుండానే టైటానియం కరిగించింది. ఫ్రెంచివాడు నేర్పిన పని కాదిది, మన పిల్లలు చదువుకుని చేసింది.

మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ చేయించినప్పుడు లోపల ఏం పెట్టారని అడిగితే డాక్టరుగారు ‘కోబాల్టు, క్రోమియం కలిసిన లోహమండీ, అరగదు’ అన్నారు. స్టెల్లైట్‌కి సొంత చెల్లెలే! ‘తుపాకీలో పెట్టే లోహం లాంటిదే అత్తయ్యా మీ మోకాల్లో ఉన్నది’ అంటే ఆవిడ, ‘పోనీలేవే అమ్మాయ్, అక్కడ ఒకణ్ణి పడగొట్టే బదులు ఇక్కడ నన్ను నిలబెట్టింది’ అన్నారు. ఇంతకన్నా బాగా నేను మాత్రం ఏం చెప్పగలను?

మన దేశంలో ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ సైలెన్సర్ మామూలు మనుషులకి నిషిద్ధం. ఫిన్లండ్, నార్వేల్లో వేటగాళ్ళ చెవులు కాపాడే సాధనంగా దాన్ని చూస్తారు. అమెరికాలో 1934 చట్టం దాని మీద 200 డాలర్ల పన్ను వేసింది. అప్పట్లో సైలెన్సర్ ఖరీదుకి అది ఎన్నో రెట్లు. 2026 జనవరి నుంచి ఆ పన్ను సున్నా అయింది. ఒకచోట నేరస్థుడి సామాను, ఇంకోచోట చెవుల మందు. ఎవరి భయాలు వాళ్ళవి.

మన భయం మనకి బాగా తెలుసు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్‌స్టాపు దగ్గరా, మిర్చి బజ్జీల బండి దగ్గరా పేలిన రెండు బాంబుల మోత ఆ చుట్టుపక్కల ఇళ్ళ ఇల్లాళ్ళు ఇంకా మర్చిపోలేదు. టపాకాయ పేలినా ఉలిక్కిపడి వీధిలోకి చూసేవాళ్ళున్నారు. అలాంటి చోట కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళకి సైలెన్సర్లు ఊడబీకి, ఢాం ఢాం అని ఊరేగుతుంటే ఏమనాలి? అలాంటి మోత గొట్టాల్ని పోలీసులు రోడ్డు రోలరు కింద నలిపించిన వార్తలూ చదువుతున్నాం. తండ్రి చెవుడు చూసిన కొడుకు వంద ఏళ్ళ కిందట చప్పుడు తగ్గించే దారి వెతికాడు. మన పిల్లలు ఉన్న సైలెన్సర్‌ని డబ్బిచ్చి తీయించుకుంటున్నారు.

ఈసారి మీ అబ్బాయి బండి మోత వినిపిస్తే కోప్పడకండి. పక్కన కూచోబెట్టుకుని మూసా రాం కథ, మాక్సింగారి చెవుడు కథ చెప్పండి. ఆ తర్వాత స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చి, ఆ గ్లాసు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పండి. చెవులు బాగున్నప్పుడే వినాల్సిన కథలివి.