నూరో వంతు సెకండు

1984 ఆగస్టు 8. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి 400 మీటర్ల హర్డిల్స్ పెట్టడం అదే మొదలు. లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆ పందెంలో మన పి.టి. ఉష నాలుగోది. మూడో ఆవిడకీ ఈమెకీ తేడా సెకండులో నూరో వంతు! ఆ బాధలో పడి, గెలిచిన పిల్ల ఎవరని మనం అడగనేలేదు.

ఆమె మొరాకో అమ్మాయి నవాల్ ఎల్ ముతవకిల్. వయసు 22. పరుగు ముగించింది 54.61 సెకండ్లలో. 1983లో స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళింది. కాసాబ్లాంకాలో పెరిగిన పిల్లకి ఆ మంచు కొత్త, మనుషులు కొత్త. వెళ్ళిన కొద్దిరోజులకే, ప్రోత్సహించి పంపిన తండ్రి పోయాడు. తిరిగి వచ్చేస్తే ఎవరు తప్పు పడతారు? అయినా ఉండిపోయింది. అక్కడ ఆమెకి దొరికింది మంచి ట్రాకూ, కోచ్‌లూ మాత్రమే కాదు. మేటి అమ్మాయిలతో తరచూ పోటీపడే అలవాటు.

ఉషకి మాత్రం గురువు లోటు లేదు, నంబియార్ గారున్నారు. కానీ ఒలింపిక్ గ్రామంలో తిండి సయించక గంజీ, మామిడికాయ ఊరగాయతో గడిపాననీ, చివరి 35 మీటర్లలో ఆ నీరసం దెబ్బతీసిందనీ తరవాత ఆమే చెప్పింది. పరాయి తిండి ఒంటికి పట్టడం కూడా శిక్షణే నన్నమాట!

ఆ రోజు పుట్టిన ఆడపిల్లలకి నవాల్ అని పేరు పెట్టమన్నాడట మొరాకో రాజు. బాగానే ఉంది. కానీ కూతుర్ని అంతదూరం పంపి, ఆ పరుగు చూడకుండానే పోయిన తండ్రికి ఆ పతకంలో వాటా లేదంటారా?