గొడ్డలి పదును: మన పెద్దల పని చరిత్ర

మన గురించి పాత ప్రభుత్వ కాగితాల్లో వెతికితే ముందుగా కనబడేది నేరం అనే మాటే. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. ఎరుకలవారు ఆ జాబితాకెక్కారు. ఆ చట్టం రద్దయ్యేదాకా పుట్టిన బిడ్డకు కూడా ఆ ముద్ర తప్పలేదు. మన పెద్దలు ఏ పని చేసి బతికారో, ఆ పనిలో వాళ్లకున్న నేర్పు ఎంతో ఆ కాగితాలు చెప్పవు. అది తెలియాలంటే ఇంటి చూరులో దోపిన గొడ్డలినీ మచ్చుకత్తినీ అడగాలి.

గొడ్డలి కథ ఇనుము కంటే పాతది. నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టే ముందు, 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో జరిగిన తవ్వకాల్లో కొత్తరాతియుగం నాటి నున్నని రాతి గొడ్డళ్లు దొరికాయి. గట్టి నల్లరాయిని చెక్కి, బండ మీద ఇసుక, నీళ్లు పోసి రోజుల తరబడి నూరితే ఆ పదును వచ్చేది. అంటే మన కృష్ణ ఒడ్డున నూరడం అనే విద్యకు వేల ఏళ్ల వయసుంది.

ఇనుము వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. మెత్తని ఇనుముతో చేసిన వాదర రెండు దెబ్బలకే మడత పడుతుంది. మరీ గట్టి ఉక్కు అయితే పెచ్చు లేస్తుంది. అందుకే కమ్మరి ఒళ్లంతా ఇనుముతో చేసి, వాదర దగ్గర మాత్రం ఉక్కు ముక్క అతికేవాడు. ఉక్కు తయారీలో తెలుగు నేలకు పెద్ద పేరు. నేటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఇప్పుడు కొలిముల్లో లారీ కమాను పట్టీలే గొడ్డళ్లవుతున్నాయి.

ఉక్కు మంచిదైతే చాలదు, పానం కుదరాలి. వాదరను ఎర్రగా కాల్చి, అంచు మాత్రం నీళ్లలో ముంచుతారు. లోపల మిగిలిన వేడి మెల్లగా అంచుకు వస్తుంటే లోహం రంగు మారుతుంది. ముందు లేత పసుపు, తర్వాత గోధుమ రంగు, ఆపైన వంగపండు రంగు, చివరికి నీలం. పసుపు దగ్గర ఆపితే అంచు గట్టిగా ఉంటుంది కానీ పెళుసు. నీలం దాకా పోతే మెత్తబడుతుంది. దెబ్బలు తినాల్సిన గొడ్డలికి ఈ రెంటికీ నడుమ ఆపాలి. థర్మామీటరు లేని రోజుల్లో కమ్మరి కంటితోనే దీన్ని పట్టుకున్నాడు.

ఏ పనికి ఏ పదునో మనవాళ్లకు తెలుసు. యానాదులు కట్టెలు కొట్టే గొడ్డలికి వాదర కాస్త మందంగా ఉంచాలి. పలచగా నూరితే ఎండిన తుమ్మమొద్దు మీద విరుగుతుంది. ఎరుకలవారు బుట్టలు, తట్టలు అల్లడానికి వెదురు చీల్చే కత్తికి సన్నని వాదర కావాలి. వెదురులో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, అది అంచును తినేస్తుంది. పని మధ్యలో పదేపదే కత్తి నూరడం బద్ధకం కాదు, ఆ పని అడిగే పద్ధతే.

నూరడానికి రాయి కావాలి. డెల్టా అంతా కృష్ణమ్మ మోసుకొచ్చిన ఒండ్రు, దివిసీమలో తవ్వితే రాయి తగలదు. అందుకే సానరాయి కొండల నుంచి రావాలి. రాయి లేని చోట చెక్క మీద పలుగురాతి పొడి చల్లి నూరుకోవడం కల్లుగీత పనివాళ్లకూ అలవాటే.

కొండరాయితో మనవాళ్లకు ఇంకో బంధం ఉంది. బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. దాని అవతలి గట్టున సీతానగరంలో, తర్వాతి కాలంలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటులో ఉంచి రాళ్ల క్వారీలో పని చేయించారు. నేరస్థులని పేరు పెట్టినవాళ్లే వాళ్ల కండబలాన్ని వాడుకున్నారు. ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్లేటప్పుడు ఆ కొండ వైపు ఒకసారి చూడండి.

ఇప్పుడు కరెంటు చక్రం మీద నిమిషంలో పదును పెడుతున్నారు. నిప్పురవ్వలు లేస్తూ అంచు నీలం తిరిగితే పానం పోయినట్టే. ఆ గొడ్డలి ఎంత మెరిసినా మర్నాటికే మొద్దుబారుతుంది. నీళ్లు పోస్తూ సానరాయి మీద ఓపికగా నూరితే ఆ ప్రమాదం లేదు. ఈ మాట మీ తాతలకు పుస్తకం చదవకుండానే తెలుసు.

కాలేజీకి వచ్చాక ఇంట్లోని కత్తినీ గొడ్డలినీ స్నేహితుల కంట పడకుండా దాచే పిల్లలను చూస్తుంటాను. దాచకండి. సెలవులకు వెళ్లినప్పుడు పెద్దవాళ్ల పక్కన కూర్చుని నాలుగు సంగతులు నోటుబుక్కులో రాసుకోండి. ఆ గొడ్డలి ఏ ఊరి కొలిమిలో చేయించారు, సానరాయి ఎక్కడిది, ఏ చెట్టుకు ఎలాంటి పదును పెట్టేవారు, కామకు ఏ కర్ర వాడారు. మన భాషలో వాటికి వేరే పేర్లుంటే అవీ రాయండి. పోలీసు రికార్డుల్లో మన పేర్లు ఇతరులు రాశారు. మన పని గురించి మనమే రాసుకోవాలి, అది చెప్పగలిగినవాళ్లు ఇంకా మన మధ్య ఉండగానే.