కొత్త గ్రాఫిక్స్ కార్డులు: డబ్బా మీది నంబర్ చెప్పేదెంత, దాచేదెంత?

2025 జనవరి 6న లాస్ వెగాస్‌లో, సీఈఎస్ ప్రదర్శన వేదిక మీద ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ ఒక పెద్ద మాట అన్నారు. 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 కార్డు, 2022లో 1,599 డాలర్లతో మొదలైన ఆర్‌టీఎక్స్ 4090కి సమానమైన పనితీరు ఇస్తుందని. మూడో వంతు ధరకే అంత కార్డు వస్తుందంటే ఎవరికి ఆశ పుట్టదు? మార్చిలో 5070 బజారుకు వచ్చింది. మన దేశంలో కంపెనీ ప్రకటించిన ప్రారంభ ధర 59,000 రూపాయలు. స్వతంత్రంగా పరీక్షించేవాళ్లు కొలిచి చూస్తే అది పాత 4070 సూపర్‌కు దగ్గర్లోనే ఆగిపోయింది. 4090 దరిదాపులకు కూడా రాలేదు.

మరి హువాంగ్ చెప్పింది అబద్ధమా అంటే, పూర్తిగా కాదు. ఆయన వాడిన కొలబద్ద వేరు, అంతే. పిల్లాడు బీటెక్‌లో చేరాడనో, అమ్మాయి వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటోందనో 30 వేల నుంచి 60 వేల దాకా ఒక్క కార్డు మీద పెట్టే ఇంటికి ఆ కొలబద్ద ఏమిటో తెలియడం అవసరం. షాపులో "భాయ్, లేటెస్ట్ మోడల్, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నప్పుడు కళ్లు తెరిచి చూడాల్సింది ఇక్కడే.

ఫ్రేమ్ అంటే ఏ ఫ్రేమ్?

గేమ్‌లో కనిపించే కదలిక అంతా వరుసగా వచ్చే బొమ్మలే. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. సెకనుకు ఎన్ని ఫ్రేములు గీస్తే అది ఎఫ్‌పీఎస్. సెకనుకు 60 అంటే ఒక్కో ఫ్రేమ్‌కు దాదాపు 16.7 మిల్లీసెకన్లు, 30 అంటే 33.3. పూర్వం రెండు కార్డులను పోల్చడం తేలిక. ఒకే గేమ్, ఒకే సెట్టింగులు పెట్టి ఎవరు ఎక్కువ ఫ్రేములు గీశారో చూసేవారు.

ఇప్పుడు అలా లేదు. ఎన్విడియా 50 సిరీస్‌తో వచ్చిన డీఎల్‌ఎస్‌ఎస్ 4లో మల్టీ ఫ్రేమ్ జనరేషన్ అనే సదుపాయం ఉంది. కార్డు నిజంగా గీసిన ప్రతి ఫ్రేమ్‌కు తోడుగా మరో మూడు ఫ్రేములను ఏఐ అంచనాతో తయారు చేసి మధ్యలో చొప్పిస్తుంది. అసలు 30 ఫ్రేములే వస్తున్నా మీటర్ మీద 120 దాకా కనిపించగలదు. కంటికి నున్నగానే ఉంటుంది. కానీ మౌస్ కదిపినప్పుడు, ట్రిగ్గర్ నొక్కినప్పుడు గేమ్ స్పందించేది అసలు ఫ్రేములకే. చేతికి అది 30 ఫ్రేముల గేమ్‌లాగే, ఇంకా కాస్త మందంగానే అనిపిస్తుంది. 40 సిరీస్ ఒక్కో అసలు ఫ్రేమ్‌కు ఒక్క కృత్రిమ ఫ్రేమ్‌నే తయారు చేయగలదు. 5070 మూడు చేస్తుంది. ఈ లెక్క కలిపితేనే 5070 వెళ్లి 4090 పక్కన నిలబడింది.

ఈ సదుపాయం పనికిరానిదని కాదు. అసలు ఫ్రేములు 60 దాటి వస్తూ, మానిటర్ 144 హెర్ట్జ్‌దైతే బాగానే ఉపయోగపడుతుంది. పోలికలో కలిపితేనే చిక్కు.

అప్‌స్కేలింగ్ సంగతి వేరు. డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ మోడ్‌లో 4కే బొమ్మను నిజానికి 2560×1440లో గీసి పెద్దది చేస్తారు. ఏఎమ్‌డీ వాళ్ల ఎఫ్‌ఎస్‌ఆర్, ఇంటెల్ వాళ్ల ఎక్స్ఈఎస్ఎస్ చేసేదీ ఇదే తరహా పని. ఒక కార్డుకు ఇది ఆన్ చేసి, ఇంకో కార్డుకు ఆఫ్ చేసి వేసిన గ్రాఫ్‌కు విలువ లేదు. కంపెనీల గ్రాఫుల అడుగున సన్న అక్షరాల్లో ఈ వివరం ఉంటుంది. మొదట చదవాల్సింది అదే.

సగటు చూసి మోసపోవడం

రెండు కార్డులు ఒకే గేమ్‌లో సగటున 90 ఎఫ్‌పీఎస్ ఇస్తున్నాయనుకుందాం. ఒకదాని ఒక శాతం లో 70, రెండోదానిది 38. ఒక శాతం లో అంటే మొత్తం ఫ్రేముల్లో అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం. రెండో కార్డు మీద ఆడేవాడికి పేలుడు జరిగిన చోట, జనం గుమిగూడిన చోట గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. సగటు మాత్రం రెండింటికీ ఒకటే.

ఈ ఆగడానికి ఈ మధ్య తరచుగా కారణమవుతున్నది కార్డు మీది మెమరీ, అంటే వీరామ్. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 2025 ఏప్రిల్‌లో రెండు రకాలుగా వచ్చింది: 8 జీబీ 379 డాలర్లు, 16 జీబీ 429 డాలర్లు. రెండింట్లోనూ చిప్ ఒకటే, 4,608 కోర్లూ ఒకటే. గేమ్‌కు 8 జీబీ సరిపోయినంతసేపు తేడా దాదాపు కనిపించదు. టెక్స్చర్లు పెంచి ఆ హద్దు దాటించారా, 8 జీబీ కార్డు కుప్పకూలుతుంది. జూన్‌లో వచ్చిన ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా ఇలాగే 8, 16 జీబీల్లో 299, 349 డాలర్లకు వచ్చింది. నాలుగైదేళ్లు వాడాలని కొనేవాళ్లు ఈ తరగతిలో 16 జీబీదే తీసుకోవడం మేలు. 8 జీబీ కార్డును 1080పీలో పాత గేములు ఆడేవాడికి వదిలేయొచ్చు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 5060 టీఐకి మదర్‌బోర్డుతో మాట్లాడే దారులు ఎనిమిదే. కొత్త బోర్డులో ఇబ్బంది లేదు. ఏడేళ్ల కిందటి పీసీఐఈ 3.0 బోర్డులో వేస్తే ఆ దారి ఇరుకవుతుంది. అందులోనూ 8 జీబీ కార్డైతే దెబ్బ రెండింతలు. 9060 ఎక్స్‌టీకి పదహారు దారులు ఉన్నాయి కాబట్టి పాత కంప్యూటర్లకు అదే నయం.

అదే పేరు, వేరే సరుకు

మోడల్ నంబర్‌ను నమ్మి కొన్నవాళ్లు దెబ్బతిన్న సందర్భాలు కొత్తవి కావు. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 రెండు రకాలు. 6 జీబీ దాంట్లో 1,280 కోర్లు, 3 జీబీ దాంట్లో 1,152. పేరు చూస్తే మెమరీ ఒక్కటే తేడా అనిపిస్తుంది. 2022లో ఆర్‌టీఎక్స్ 4080ని 12 జీబీ, 16 జీబీ అని ప్రకటించారు. మొదటిదాంట్లో 7,680 కోర్లు, రెండోదాంట్లో 9,728. గొడవ ముదిరి, అక్టోబర్‌లో 12 జీబీదాన్ని కంపెనీయే వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో అదే కార్డు 4070 టీఐ అనే పేరుతో వచ్చింది.

ల్యాప్‌టాప్‌ల్లో ఇది ఇంకా ఎక్కువ. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 5090లో 21,760 కోర్లు, 32 జీబీ మెమరీ. ల్యాప్‌టాప్ 5090లో 10,496 కోర్లు, 24 జీబీ. పేరు ఒకటే, కోర్లు సగం కూడా లేవు. పైగా ఒకే చిప్‌కు ఒక్కో ల్యాప్‌టాప్ కంపెనీ ఒక్కో రకంగా కరెంటు ఇస్తుంది. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060కి 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు అనుమతి ఉంది. సన్నగా, అందంగా ఉండే ల్యాప్‌టాప్‌లోని 4060, బరువైన దాంట్లోని 4060 ఒకటి కావు. అందుకే ల్యాప్‌టాప్ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, కార్డుకు ఎన్ని వాట్లు అని. అమ్మేవాడికి తెలియకపోతే కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో టీజీపీ అనే మాట దగ్గర ఉంటుంది.

కోర్ల లెక్క కూడా ఒకే కంపెనీ, ఒకే తరం కార్డుల మధ్యే పనిచేస్తుంది. ఆర్‌టీఎక్స్ 2080 టీఐలో 4,352 కోర్లు, తర్వాతి తరం 3070లో 5,888. గేముల్లో మాత్రం రెండూ ఇంచుమించు సమానం. కంపెనీ మారితే లెక్క పూర్తిగా తప్పుతుంది. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీలో ఉన్నవి 4,096. ఎన్విడియా 5070 టీఐలో 8,960. అయినా మామూలు గేముల్లో రెండూ భుజం భుజం కలిపి నడుస్తాయి. రే ట్రేసింగ్ భారీగా ఉన్నచోట 5070 టీఐ ముందుకెళ్తుంది. ప్రకటించిన ధర మాత్రం ఒకటి 599 డాలర్లు, ఇంకోటి 749.

ఏ పనికి, ఏ తెర మీద

5090 అన్నిటికన్నా వేగమైన గేమింగ్ కార్డు, అందులో వాదన లేదు. 4కే తెర మీద 4090 కన్నా సుమారు 30 శాతం ముందుంటుంది. అదే రెండింటినీ 1080పీ మానిటర్‌కు తగిలిస్తే తేడా బాగా తగ్గిపోతుంది. 4కే బొమ్మలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు ఉంటే 1080పీలో 21 లక్షలకు లోపే. పని తక్కువైనప్పుడు కార్డు ఖాళీగా కూర్చుని, ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తుంది. ఇంట్లో ఉన్నది పాత ప్రాసెసర్, 60 హెర్ట్జ్ మానిటర్ అయితే ఖరీదైన కార్డు వేసినా తెర మీద సెకనుకు 60 బొమ్మలకు మించి కనిపించవు.

ఇంటెల్ ఆర్క్ బీ580 దీనికి మంచి ఉదాహరణ. 249 డాలర్లకు 12 జీబీతో 2024 డిసెంబర్‌లో వచ్చినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఆ పరీక్షల్లో వాడినవి ఎక్కువగా ఖరీదైన కొత్త ప్రాసెసర్లు. నెల తిరగకుండానే రైజెన్ 5 2600 వంటి పాత ప్రాసెసర్లతో పరీక్షిస్తే కొన్ని గేముల్లో వేగం బాగా పడిపోయింది. చవక కార్డు కొనేవాళ్ల దగ్గర ఉండేది పాత ప్రాసెసర్లే కదా! దానికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం కూడా బోర్డులో ఉండాలి.

గేములు కాకుండా చదువు కోసమైతే లెక్క మళ్లీ మారుతుంది. ఏఐ, మెషీన్ లెర్నింగ్ చదివే విద్యార్థికి వేగం కన్నా మెమరీ ముఖ్యం. 700 కోట్ల పారామీటర్లున్న భాషా మోడల్‌ను 16 బిట్లలో ఎక్కించడానికే 14 జీబీ కావాలి. 4 బిట్లకు కుదిస్తే 4 జీబీ చాలు. ఈ రంగంలో ఎక్కువ సాఫ్ట్‌వేర్ ఎన్విడియా కుడా మీద ఆధారపడి రాసినదే కాబట్టి, గేముల్లో ఏఎమ్‌డీ ఎంత బాగున్నా ఇక్కడ ఎన్విడియా వైపే మొగ్గు. అయితే మొదటి ఏడాది విద్యార్థికి గూగుల్ కొలాబ్ ఉచితంగా ఇచ్చే టీ4 చాలావరకు సరిపోతుంది. బ్లెండర్‌లో 3డీ పని చేసేవాళ్లు గేమ్ గ్రాఫులు కాక, బ్లెండర్ ఓపెన్ డేటా స్కోర్లు చూడాలి.

ఛత్తా బజార్‌లో శుభలేఖలు, ఉర్దూ పోస్టర్లు చేసేవాళ్ల తరహా పనికి, అంటే ఇన్‌పేజ్, పేజ్‌మేకర్, ఫొటోషాప్ వరకే అయితే, విడిగా గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేదు. ఆ డబ్బుతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పెంచితే పని రెండు రెట్లు సుఖంగా సాగుతుంది. 2డీ ఆటోక్యాడ్‌కూ దాదాపు అంతే.

ధర లెక్క

డబ్బు లెక్క వేయడానికి ఒక తేలిక పద్ధతి ఉంది: ధరను ఫ్రేములతో భాగించడం. 30,000 రూపాయల కార్డు తమ గేమ్‌లో 75 ఫ్రేములిస్తే ఫ్రేమ్‌కు 400. 45,000 కార్డు 100 ఇస్తే ఫ్రేమ్‌కు 450. రెండోదానికి కొత్త ఎస్‌ఎంపీఎస్ కూడా కావాల్సి వచ్చి మరో 6,000 అయితే 510కి చేరుతుంది. ఈ పైఖర్చును చాలామంది మర్చిపోతారు. 5060 టీఐకి 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని కంపెనీ సలహా. 5070కి 650, 5070 టీఐకి 750, 5090కి 1,000. 5090 ఒక్కటే 575 వాట్లు లాగుతుంది, వంటింట్లో మిక్సీ ఆగకుండా తిరుగుతున్నట్టు. ఆ వేడంతా గదిలోకే వస్తుంది.

శాతాలతోనూ జాగ్రత్త. ఒకటి 100, ఇంకోటి 80 ఇస్తే మొదటిది 25 శాతం వేగం అనొచ్చు, రెండోది 20 శాతం నెమ్మది అనీ అనొచ్చు. ఎవరికి ఏది లాభమో వాళ్లు అదే చెబుతారు. సున్నా నుంచి కాకుండా 60 నుంచి మొదలయ్యే గ్రాఫులు కూడా ఈ బాపతే.

కొన్నాక చూసుకోవాల్సినవి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, కార్డు బిగించిన రోజే జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడపాలి. కొత్త కార్డే కదా అనుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో 5090, 5070 టీఐ కార్డుల్లో అర శాతం దాకా ఆర్‌ఓపీలు తక్కువతో బయటికి వెళ్లాయని, పనితీరు సగటున 4 శాతం తగ్గుతుందని ఎన్విడియాయే ఒప్పుకుని మార్చి ఇస్తామంది. 5070 టీఐలో 96 ఉండాల్సినవి 88 ఉన్నాయి. ఆ సంఖ్య ఈ సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్ కార్డులకైతే ఇది తప్పనిసరి. పాత చిప్ మీద కొత్త పేరు ఎక్కించిన నకిలీ కార్డు చాలావరకు ఇందులో దొరికిపోతుంది. 3డీమార్క్ స్ట్రెస్ టెస్ట్ 20 సార్లు తిప్పి, ఫ్రేముల నిలకడ 97 శాతానికి తగ్గితే ఫెయిల్ అంటుంది. వేడెక్కి నీరసించే కార్డు అక్కడ బయటపడుతుంది.

దుబాయ్ నుంచో, అమెరికా నుంచో బంధువులతో తెప్పించుకునేవాళ్లు వోల్టేజ్ గురించి బెంగపడనక్కర్లేదు. కార్డుకు కరెంటు గోడ నుంచి నేరుగా రాదు, ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టులకు మార్చాకే వస్తుంది. కానీ వారంటీ కంపెనీని బట్టి మారుతుంది. కొన్న దేశంలోనే చెల్లుతుందా, ఇక్కడి సర్వీస్ సెంటర్ తీసుకుంటుందా అన్నది టికెట్ బుక్ చేసుకునే ముందే సీరియల్ నంబర్ విధానంతో సహా అడిగి తెలుసుకోవాలి. బిల్లు అసలు కాపీ కార్డుతో పాటే రావాలి.